పాట వంతు వచ్చినప్పుడు



మన తిరుపతిలో, చిత్తూరులో ఏ వీధికి వెళ్లినా పిల్లలను విదేశాలకు చదువుకు పంపిన ఇల్లు ఒకటైనా ఉంటోంది. ఒకప్పుడు అమెరికా, ఆస్ట్రేలియా అనేవాళ్లు. ఈమధ్య ఐర్లాండు పేరు కూడా గట్టిగానే వినిపిస్తోంది. డబ్లిన్, కార్క్, గాల్వే, లిమరిక్ పేర్లు మన ఇళ్లల్లో పెద్దవాళ్ల నోట కూడా పలుకుతున్నాయి. పిల్లలను చూసి రావడానికి అమ్మానాన్నలు వెళ్తున్నారు, నెలో రెండు నెలలో ఉండి వస్తున్నారు. మా అమ్మాయి గాల్వేలో ఉద్యోగం చేస్తున్నందువల్ల నేనూ వెళ్లి వచ్చాను. అప్పటినుంచి వెళ్లబోయేవాళ్లు కలిసినప్పుడు నన్ను కొన్ని ప్రశ్నలు అడుగుతుంటారు. చలి ఎట్లుంటుంది అంటారు, బియ్యం దొరుకుతాయా అంటారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అక్కడ అందరూ పబ్బులకు పోతారంట గదా, మనం పోవచ్చునా?" అంటారు.

పోవచ్చు. మద్యం ముట్టనివాళ్లు కూడా నిశ్చింతగా పోవచ్చు. నేను ముట్టను, అయినా పోయాను. ఐర్లాండు మనుషులను దగ్గరగా చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదనే నమ్మకంతో తిరిగొచ్చాను.

పబ్బు అనగానే మనకు బెంగళూరు గుర్తొస్తుంది. చీకటి గది, చెవులు చిల్లులు పడే సంగీతం, కుర్రకారు గుంపు. ఐర్లాండు పల్లెల్లో పబ్బు అలా ఉండదు. క్లేర్ కౌంటీలో డూలిన్ అని సముద్రం ఒడ్డున చిన్న ఊరుంది. అక్కడ ఒక పబ్బులోకి సాయంత్రం ఐదు గంటలకు వెళ్లాం. లోపల రాతి గోడలో పొయ్యి మండుతోంది. అందులో కాలేవి కట్టెలు కావు. ఆ దేశంలో చిత్తడి నేలలు ఎక్కువ. వేల ఏళ్లుగా నాచు, గడ్డి ఆ నీళ్లల్లో పడి మగ్గి మట్టిలా మారుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలానికి దాచుకుంటారు. అది కాలుతుంటే వచ్చే వాసన, పొలంలో ఎండుగడ్డి అంటుకున్నప్పటి వాసనకు దగ్గరగా, ఇంకాస్త తియ్యగా ఉంటుంది. ఆ పొయ్యి పక్కన తలమీద టోపీ పెట్టుకున్న ఇద్దరు ముసలి రైతులు గొర్రెల ధరల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒక తల్లి చంటిబిడ్డకు సీసాపాలు పడుతోంది. ఇద్దరు పిల్లలు బల్లమీద రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేస్తున్నారు. బల్ల కింద కుక్క నిద్రపోతోంది.

పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లలను పబ్బులోకి రానిస్తారు. చట్టం ప్రకారం రాత్రి 9 గంటల దాకా, మే నుంచి సెప్టెంబరు వరకు 10 గంటల దాకా ఉండవచ్చు. పొగ మాత్రం లోపల ఎవరూ తాగకూడదు. పని చేసే చోట్లన్నిటా, పబ్బులతో సహా, పొగ తాగడాన్ని దేశం మొత్తంమీద నిషేధించడం ప్రపంచంలో ఐర్లాండుతోనే మొదలైంది. అది 2004 మార్చి 29న అమల్లోకి వచ్చింది. పబ్బులు మూతబడిపోతాయని అప్పుడు కొందరు గోల పెట్టారట. ఇప్పుడు ఆ గోల గుర్తున్నవాళ్లు కూడా తక్కువ.

గుమ్మంమీద ఉండే పేరు చాలాచోట్ల ఒక కుటుంబం పేరే. వెనకటి రోజుల్లో పల్లె పబ్బు అంటే ఒకపక్క పచారీ అంగడి, ఇంకోపక్క మద్యం బల్ల. టీ పొడి, చక్కెర, మేకులు, లాంతరు నూనె, అన్నీ అక్కడే. డింగిల్ అనే ఊళ్లో ఫాక్సీ జాన్స్ అని ఒకటి ఇప్పటికీ అలాగే నడుస్తోంది. ఒకవైపు బల్లమీద సుత్తులు, మేకులు అమ్ముతారు, ఇంకోవైపు గ్లాసులు నింపుతారు. సామాన్లకని వచ్చిన మనిషి ఊరి కబుర్లన్నీ తెలుసుకుని పోతాడు.

ఇక ఆ గ్లాసుల్లో నింపే నల్ల బీరు సంగతి. గిన్నిస్ పేరు వినని వాళ్లు తక్కువ. ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన 1759లో డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ దగ్గర మూతబడిన ఒక పాత బీరు బట్టీని ఏడాదికి 45 పౌండ్ల అద్దెకు 9,000 ఏళ్లకు రాయించుకున్నాడు. మనవాళ్లు భూమి కౌలు మూడేళ్లకు రాసుకోవడానికే నాలుగుసార్లు ఆలోచిస్తారు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన మనిషి ధైర్యం నాకు చాలా నచ్చింది. బార్లీ గింజలను కాఫీ గింజల్లా మాడ్చి వేయిస్తారు కాబట్టి దానికి ఆ రంగు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే నలుపు కాదు, ముదురు ఎరుపని తెలుస్తుంది.

తాగకపోయినా దాన్ని పోసే పని మాత్రం చూసి తీరాలి. పబ్బులో పనిచేసే ఆయన గ్లాసును ఏటవాలుగా పట్టుకుని కుళాయి కింద పెట్టి ముప్పావు వంతు నింపుతాడు. నింపి, బల్లమీద పెట్టి, వదిలేస్తాడు. గ్లాసులో గోధుమరంగు నురగ కదులుతుంటుంది. అందులో కలిపిన నైట్రోజన్ బుడగలు గ్లాసు మధ్యలోనుంచి పైకి ఎక్కి, అంచుల వెంబడి కిందికి జారుతున్నట్టు కనిపిస్తాయి. కాసేపటికి నలుపు కిందకు, తెలుపు పైకి విడిపోతాయి. అప్పుడు మళ్లీ గ్లాసు అందుకుని మిగతా పావువంతు నింపి ఇస్తాడు. ఈ మొత్తానికి 119.5 సెకన్లు పట్టాలని ఆ కంపెనీ లెక్క. రెండు నిమిషాలకు ఇంకా అర సెకను తక్కువ. ఆ రెండు నిమిషాలూ ఎవరూ తొందరపెట్టరు. పోసే ఆయన ఈలోపు ఇంకొకరితో వాన గురించి మాట్లాడతాడు, అడిగిన మనిషి పక్కవాళ్లతో మాట్లాడతాడు. కొత్తవాడైనా సరే, మాట కలపడానికి దొరికే మొదటి సందు అదే. "ఎక్కడినుంచి వచ్చారు?" అని నన్ను అడిగింది అలా నిలబడ్డ ఒక పెద్దాయనే.

అక్కడ గట్టిగా పాటించే మర్యాద ఒకటుంది. నలుగురు కలిసి కూర్చుంటే ఎవరిది వాళ్లు కొనుక్కోరు. ఒకరు లేచి నలుగురికీ తెస్తారు. అవి అయ్యాక రెండో మనిషి లేస్తాడు. అలా వంతు తిరుగుతుంది. వంతు తప్పించుకున్న మనిషిని ఎవరూ ఏమీ అనరు, కానీ మర్చిపోరు. మద్యం తాగనివాళ్లు ఏం చేయాలి అంటారా? నిమ్మరసం సోడా అడగండి, మద్యం లేని గిన్నిస్ అని కూడా ఒకటి వస్తోంది, అదైనా అడగండి. లేదా టీ అడగండి. చాలా పబ్బుల్లో టీ ఇస్తారు, చక్కగా కెటిల్‌లో తెచ్చి పెడతారు. ఐర్లాండు వాళ్లు టీ అంటే ప్రాణం పెడతారు. తలకు ఇంత అని లెక్కగడితే ప్రపంచంలో ఎక్కువ టీ తాగే జాతుల్లో వాళ్లొకరు. కార్క్‌లో 1901లో మొదలైన బ్యారీస్ టీ ఇప్పటికీ ఇంటింటా ఉంటుంది. చిక్కటి డికాషన్‌లో పాలు పోసి ఇస్తారు, మన నోటికి ఇట్టే పడుతుంది. మీరు ఏం తాగుతున్నారన్నది వాళ్లకు పట్టదు. మీ వంతు వచ్చినప్పుడు లేచారా లేదా అన్నదే చూస్తారు. నేను టీ తాగుతూనే మా బల్లమీద వాళ్లకు నా వంతు తెచ్చిచ్చాను. ఆ తర్వాత మాట తీరే మారిపోయింది.

ఇంత చెప్పాను కాబట్టి దీనికి ఇంకోవైపు ఉన్నదీ చెప్పాలి. మన ప్రాంతపు స్త్రీలు వింటున్నారు, వాళ్లకు మద్యం అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి ముందు నిలబడ్డారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఐర్లాండుకు కూడా ఇలాంటి చరిత్రే ఉంది. 1838లో కార్క్ నగరంలో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ అనే మతగురువు మద్యం ముట్టబోమని జనం చేత ఒట్టు వేయించడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లలోనే లక్షల మంది ఆ ఒట్టు వేశారు. డబ్లిన్ నడిబొడ్డున, ఓకానెల్ వీధిలో ఆయన విగ్రహం ఉంది. 1898లో ఫాదర్ జేమ్స్ కల్లెన్ నలుగురు స్త్రీలను ముందు పెట్టుకుని పయనీర్ల సంఘం స్థాపించాడు. ఆ సంఘం వాళ్లు కోటుకు చిన్న పిన్ను పెట్టుకుంటారు. ఆ పిన్ను ఉన్నవాళ్లను ఎవరూ తాగమని బలవంతపెట్టరు. పబ్బుకు వచ్చి, టీయో నిమ్మసోడానో తాగి, పాట పాడి వెళ్లే పయనీర్లు పాత తరాల్లో చాలామంది ఉండేవారు. గుడ్ ఫ్రైడే నాడు పబ్బుల్లో మద్యం అమ్మకూడదన్న చట్టం 2018 వరకు కొనసాగింది. అంటే తాగుడు తెచ్చే దుఃఖం ఆ దేశానికి తెలియనిది కాదు. ఇల్లు గుల్ల చేసుకున్న కుటుంబాలు అక్కడా ఉన్నాయి. వాళ్ల కథల్లో, నాటకాల్లో ఆ తండ్రులు, ఆ భర్తలు కనిపిస్తూనే ఉంటారు. తాగుడును గొప్ప చేసి చెప్పడానికి నేను ఈ మైకు ముందు కూర్చోలేదు. గ్లాసును పక్కన పెట్టినా మిగిలేది ఒకటి ఆ గదిలో ఉంది, అది మన పిల్లలకు అందాలని నా తాపత్రయం.

దానికి వచ్చేముందు తిండి. మన రాయలసీమ నాలుకకు అక్కడి తిండి మొదట చప్పగా అనిపిస్తుంది. ఉప్పు, మిరియాలు, వెన్న, అంతే. కానీ ఆకలిగా ఉన్నప్పుడు, బయట వాన కొడుతున్నప్పుడు, ఒక గిన్నెలో వేడి సూపు, పక్కన సోడా రొట్టె పెడితే ఆ రుచి వేరు. ఆ రొట్టెకు ఈస్టు వాడరు. అక్కడి గోధుమ మెత్తనిది, ఈస్టుతో సరిగా పొంగదు. అందుకని పిండిలో వంటసోడా, మజ్జిగ కలిపి, గబగబా ముద్ద చేసి, పైన కత్తితో అడ్డంగా నిలువుగా ఒక గాటు పెట్టి కాలుస్తారు. పైభాగం గట్టిగా, లోపల కాస్త పులుపుగా, పొడిపొడిగా ఉంటుంది. దానిమీద వేలెడు మందాన వెన్న రాస్తారు. ఆ దేశపు వెన్న పసుపు పచ్చగా ఉంటుంది, ఆవులు ఏడాదిలో ఎక్కువ భాగం పచ్చగడ్డే మేస్తాయి మరి. సముద్రం పక్కన చేపలు, ఆల్చిప్పలు, బంగాళాదుంపలు, మీగడ వేసి చిక్కగా కాచే చౌడర్ దొరుకుతుంది. గొర్రె మాంసం, ఉల్లిగడ్డ, బంగాళాదుంప వేసి సన్నని మంటమీద ఉడికించే ఐరిష్ స్ట్యూ ఉంటుంది. అందులో మసాలా ఉండదు, మాంసం రుచే రుచి. శాకాహారులు మాత్రం కూరగాయల సూపు అని రాసి ఉన్నా మాంసం ఉడికించిన నీళ్లు పోశారా అని అడగాలి. కొన్నిచోట్ల బంగాళాదుంప వేపుళ్లు కూడా పశువుల కొవ్వులోనే వేయిస్తారు. అడిగితే తప్పు పట్టరు, వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చి మరీ చెబుతారు.

బంగాళాదుంప లేకుండా అక్కడ పళ్లెం ఉండదు. ఆ దుంప వెనక ఉన్న కథ తెలిశాక నేను దాన్ని వృథా చేయలేకపోయాను. 1840ల నాటికి ఆ దేశపు పేదవాడికి దుంపే అన్నం. కష్టం చేసే మగమనిషి రోజుకు ఐదారు కిలోలు తినేవాడు. అదీ, మజ్జిగా, అంతే. 1845లో తెగులు సోకి పొలాల్లో దుంపలు నల్లగా కుళ్లిపోయాయి. తర్వాతి ఏళ్లూ అంతే. దాదాపు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ రోజుల్లోనే ఐర్లాండు నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1841లో ఆ దీవి జనాభా 80 లక్షలు దాటి ఉండేది. ఇవాళ్టికీ అంత లేదు. ఆ కరువుకు మన కలకత్తాలో కూడా చందాలు పోగుచేసి పంపారు. ముప్పై ఏళ్లు గడిచాక, అదే ఇంగ్లీషు దొరతనం కింద, ధాత కరువు మన సీమను కాల్చింది. 1876 నుంచి 1878 దాకా. అప్పుడూ మద్రాసు రేవు నుంచి ధాన్యం ఓడలెక్కింది. మా జేజి వాళ్ల జేజి చెప్పిన ధాత కరువు మాటలు మా ఇంట్లో నా చిన్నప్పటిదాకా వినబడ్డాయి. రాగిసంగటి ముద్దలో మెతుకు కింద పడితే తీసి కళ్లకద్దుకునేవాళ్లు. ఆ పబ్బులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు ఈ సంగతి చెబితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన ఊరి పక్కన, ఆ కరువులో కూలి కోసం జనం కట్టిన రాతిగోడ ఒకటుందని, ఎందుకూ పనికిరాని గోడ కొండమీదికి వెళ్లి ఆగిపోతుందని చెప్పాడు. మనకు కరువు పనుల కింద వేసిన రోడ్లు, తవ్విన చెరువులు ఉన్నాయి. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కావడానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఇక పాట.

రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక మూల బల్ల దగ్గరకు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. ఒకామె పెట్టెలోంచి ఫిడేలు తీస్తుంది. ఒకాయన చెక్క వేణువు అతుకుతాడు. ఇంకొకరి దగ్గర కాన్సర్టీనా, అంటే మన హార్మోనియాన్ని అరచేతుల్లో పట్టేంత చిన్నది చేసినట్టుండే తిత్తుల వాద్యం. మేకతోలు బిగించిన బోరాన్ అనే పలకను ఒకరు ఒళ్లో పెట్టుకుని చిన్న పుల్లతో వాయిస్తారు. అదృష్టం ఉంటే ఇలియన్ పైపులు వినిపిస్తాయి. చంకలో తిత్తి, ఇంకో మోచేతి కింద గాలి కొట్టే మరో తిత్తి, ఒళ్లో సన్నాయి లాంటి గొట్టాలు. దాన్ని వాయించడం నేర్చుకోవడానికి ఇరవై ఒక్క ఏళ్లు పడుతుందని వాళ్లలో నానుడి. 2017లో యునెస్కో ఆ వాద్యకళను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

వాళ్లకు వేదిక ఉండదు. మనవైపు తిరిగి కూర్చోరు, ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా కూర్చుంటారు. మన పల్లెల్లో శనివారం రాత్రి రామమందిరంలో పండరి భజన చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. భజన వినేవాళ్ల కోసం జరగదు. పాడేవాళ్ల కోసం, పాటకోసం జరుగుతుంది. వచ్చినవాళ్లు తాళం అందుకుంటారు. అక్కడా అంతే. ఒకరు ఒక బాణీ ఎత్తుకుంటారు. తెలిసినవాళ్లు రెండో ఆవృత్తంలో కలుస్తారు, తెలియనివాళ్లు వాద్యం ఒళ్లో పెట్టుకుని వింటారు. ఒక్కో బాణీని మూడుసార్లు తిప్పి, ఆపకుండా ఇంకో బాణీలోకి దూకుతారు. ఆ దూకే క్షణంలో శ్రుతి మారితే గదంతా ఒక్కసారి "హా" అంటుంది. రీల్ అనేది నాలుగు మాత్రల నడక, జిగ్ అనేది మూడేసి మాత్రల తూగు, మన తిశ్రగతి. తకిట తకిట అని వేలితో బల్లమీద వేసుకుంటుంటే పక్కనున్నామె నవ్వి తల ఊపింది.

మధ్యలో ఎవరో "పాట" అంటారు. వాద్యాలు ఆగిపోతాయి. గ్లాసులు కడిగే ఆయన కూడా కుళాయి కట్టేస్తాడు. వాద్యం లేకుండా ఒక్క గొంతు. ఆ పాత పద్ధతిని షాన్ నోస్ అంటారు. గమకాలు పలుకుతాయి, తాళం ఉండదు, పదం వెంట రాగం సాగుతుంది. గాల్వే దగ్గర ఒక రాత్రి డెబ్బై దాటిన ఆమె కళ్లు మూసుకుని ఐరిష్ భాషలో పాడుతుంటే, పక్కన కూర్చున్నాయన ఆమె చెయ్యి పట్టుకుని, చరణం చరణానికీ ఆ చేతిని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉన్నాడు. పాడేవాళ్లకు అండగా అలా చెయ్యి పట్టుకోవడం అక్కడి పాత అలవాటట. పాట ఓడలెక్కి వెళ్లిపోయిన బిడ్డల గురించి అని మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. చెప్పకపోయినా నాకు కన్నీళ్లు వచ్చేవి.

ఆ గదిలో పాట ఒకరి సొత్తు కాదు. వంతు తిరుగుతుంది. బాగా పాడేవాళ్లు, పాడలేనివాళ్లు అనే తేడా ఉండదు. ఇది చూసినప్పుడే నాకు మదనపల్లె గుర్తొచ్చింది. అప్పటి చిత్తూరు జిల్లాలోని మన మదనపల్లె, అక్కడికి ఐర్లాండు నుంచి వచ్చి చేరిన ఇద్దరు దంపతులు.

జేమ్స్ హెన్రీ కజిన్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. కవి, నాటకకర్త. డబ్లిన్‌లో యేట్స్ లాంటివాళ్లు ఐరిష్ నాటకరంగాన్ని నిలబెడుతున్న రోజుల్లో వాళ్లతో పాటు పనిచేశాడు. ఆయన భార్య మార్గరెట్ 1878లో రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే ఊళ్లో పుట్టింది, డబ్లిన్‌లో సంగీతం చదివి పట్టా పుచ్చుకుంది. ఇద్దరూ శాకాహారులు. మాంసం లేకుండా భోజనమే ఊహించలేని ఊళ్లో శాకాహార ప్రచారం చేసినవాళ్లు. 1904 జూన్‌లో ఇల్లు లేక తిరుగుతున్న ఒక యువకుణ్ణి కొద్దిరోజులు తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఆ యువకుడు జేమ్స్ జాయిస్. డబ్లిన్ పబ్బులను ప్రపంచ సాహిత్యంలోకి ఎక్కించినవాడు ఆయనే. 1908లో మార్గరెట్ స్త్రీలకు ఓటు కావాలని సాటి స్త్రీలతో కలిసి సంఘం పెట్టింది, లండన్‌లో, ఐర్లాండులో జైలుకు వెళ్లింది. ఆ కాలపు పబ్బులో ఆడవాళ్లు అందరితో కలిసి కూర్చోవడానికి లేదు. స్నగ్ అనే చిన్న చెక్కగదిలో, తలుపు వేసుకుని, కిటికీ సందులోంచి గ్లాసు అందుకోవాలి. కొన్ని పాత పబ్బుల్లో ఆ గదులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి ముందు నిలబడితే మార్గరెట్ కోపం ఎక్కడినుంచి వచ్చిందో కొంత అర్థమవుతుంది.

1915లో ఇద్దరూ మనదేశం వచ్చారు. అనీబిసెంట్ నడిపే న్యూ ఇండియా పత్రికలో జేమ్స్ పనిచేశాడు. 1916లో ఇంగ్లీషు పాలనమీద డబ్లిన్‌లో లేచిన తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఆ కొలువు పోయింది. అలా మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు చేరాడు. 1917లో మన దేశపు స్త్రీలకు ఓటు హక్కు కావాలని సరోజినీ నాయుడి నాయకత్వంలో స్త్రీల బృందం బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసింది. ఆ బృందాన్ని కూర్చడంలో మార్గరెట్ పాత్ర పెద్దది. తర్వాతెప్పుడో 1932లో మాట్లాడే హక్కు కోసం మాట్లాడినందుకు మళ్లీ జైలు, ఈసారి చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరులో.

మదనపల్లె కళాశాలలో వారానికి ఒక రాత్రి భోజనాల తర్వాత విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరేవాళ్లు. ఎవరికి వచ్చింది వాళ్లు పాడేవాళ్లు. పాట కోసం, సరదా కోసం జరిగే కూడిక అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ విశ్రాంతి కోసం ఉన్నారు. ఒక రాత్రి ఆ కూడికకు వచ్చి కూర్చుని, తానూ ఒక పాట పాడతానన్నారు. పాడారు. పల్లవి విద్యార్థులు అందుకున్నారు. ఆ పాట జనగణమన. అప్పటికి కలకత్తా కాంగ్రెసు సభలో పాడి ఏడేళ్లు దాటింది, కానీ మన వైపు జనం ఎరగరు. తర్వాతి రోజుల్లో మార్గరెట్ విద్యార్థుల చేత పాడించుకుంటూ ఆ బాణీకి స్వరాలు రాసింది. ఠాగూర్ విని ఒప్పుకున్నారు. ఫిబ్రవరి 28న ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం తన చేత్తో రాసి ఇచ్చారు.

ఈ సంగతి మనలో చాలామందికి తెలుసు. మదనపల్లె వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి. కానీ ఆ రాత్రి ఠాగూర్ పాడింది సభలో కాదన్నది మనం పెద్దగా పట్టించుకోం. దండలు లేవు, వేదిక లేదు. భోజనం చేసి కూర్చున్న మనుషుల మధ్య, వంతు అందుకుని పాడారు. వచ్చిన అతిథి కూడా ఒక పాట పాడాలి అన్న ఆ పద్ధతి ఐర్లాండులో ఇళ్లల్లో, పబ్బుల్లో తరతరాలుగా ఉన్నదే. కజిన్స్ దంపతులు దాన్ని తమతో తెచ్చారనే నేను నమ్ముతున్నాను. మద్యం వదిలేశారు, మాంసం వదిలేశారు. పాట వంతు మాత్రం వదలకుండా తెచ్చి మన మదనపల్లెలో పెట్టారు. మన భజన మందిరాలు అప్పటికే దానికి సిద్ధంగా ఉన్నాయి. అందుకే ఆ విద్యార్థులు పల్లవిని అంత చులాగ్గా అందుకోగలిగారు.

ఐర్లాండులో పల్లె పబ్బులు ఒకటొకటిగా మూతబడుతున్నాయి. యువకులు నగరాలకు పోతున్నారు. తాగి బండి నడపకూడదన్న చట్టం గట్టిపడింది, అది మంచిదే, కానీ బస్సులేని పల్లెలో ముసలి రైతు ఇల్లు దాటి రావడం కష్టమైంది. నగరంలో సమస్య వేరు. డబ్లిన్‌లో స్మిత్‌ఫీల్డ్ దగ్గర కాబల్‌స్టోన్ అనే పబ్బు ఉంది. నగరంలో అసలైన పాత సంగీతం వినాలంటే అక్కడికే వెళ్లమంటారు. 2021లో ఆ చోట హోటల్ కడతామని ప్రతిపాదన వచ్చింది. అక్టోబరులో వాద్యగాళ్లు, వాళ్లను ప్రేమించే జనం ఒక శవపేటికను భుజాన మోస్తూ, వాయించుకుంటూ వీధుల్లో ఊరేగింపుగా వెళ్లారు. నవంబరులో నగరపాలక సంస్థ ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. మీరు డబ్లిన్ వెళ్తే టెంపుల్ బార్ వీధిలో పర్యాటకుల కోసం మైకులు పెట్టి పాడే చోట ధరలు మండిపోతుంటాయి, అది చూసి ఇదే ఐర్లాండు అనుకోకండి. ట్రామెక్కి స్మిత్‌ఫీల్డ్‌లో దిగండి.

లోపలికి వెళ్లాక వాద్యగాళ్ల కోసం వదిలిన కుర్చీల్లో కూర్చోకండి. బాణీ నడుస్తుండగా గట్టిగా చప్పట్లతో తాళం వేయకండి, వాళ్ల లయ చెదిరిపోతుంది. ఫోను పైకెత్తే ముందు ఒకసారి అడగండి. పాడే గొంతు లేచినప్పుడు మాట ఆపండి. మీ బల్ల వంతు వచ్చినప్పుడు లేవండి. మీరు ఎక్కడినుంచి వచ్చారో తెలిశాక ఎవరో ఒకరు "మీ ఊరి పాట ఒకటి" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు మొహమాటపడి తల అడ్డంగా ఊపకండి. అన్నమయ్య తిరిగిన నేల మనది. జాతరల్లో అర్ధరాత్రి దాటాక కూడా భారతం వీధినాటకం పద్యాలు విన్న చెవులు మనవి. విమానం ఎక్కే ముందే ఒక కీర్తన గాని, చెక్కభజన పాట గాని, మీ అమ్మ పాడిన జోలపాట గాని పల్లవీ, రెండు చరణాలూ తడుముకోకుండా వచ్చేటట్టు నేర్చుకుని వెళ్లండి. మీ పిల్లలకూ నేర్పండి. శ్రుతి కుదరకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చున్నవాళ్లు మీ చెయ్యి పట్టుకుంటారు.